నా నీరసాన్ని నమ్మినవాళ్లకు

బాణసవాడిలో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే అక్కకు, ఆవిడ చెప్పి పంపించిన డాక్టరు గారికి, మా వీధి చివరి ల్యాబ్‌లో రక్తం తీసే అబ్బాయికి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని అక్క గట్టిగా చెప్పారు, అందుకే రాయడం లేదు. బెంగళూరులో మనవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇలాంటి నీరసంతోనే ఇల్లూ ఆఫీసూ నెట్టుకొస్తున్నారని తెలుసు కాబట్టి జరిగింది కాస్త వివరంగానే చెబుతాను.

ఏడాదికి పైగా నా ఒంట్లో ఓపిక లేదు. నిద్ర పట్టేది, కానీ లేచేసరికి అసలు పడుకోనట్టే ఉండేది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇంటికి చేరాక పిల్లాడి హోంవర్కు పుస్తకం తెరవాలన్నా చేతులు లేచేవి కావు. హెల్త్ చెకప్ చేయిస్తే హిమోగ్లోబిన్ 12.2. షుగర్, థైరాయిడ్, కిడ్నీ, లివర్ అన్నీ నార్మల్. చూపించిన చోటల్లా "రిపోర్టులు బాగున్నాయమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. కాగితం బాగుందని చెప్పాక, నాకు మాత్రం బాగాలేదని మళ్లీ మళ్లీ చెప్పుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అక్కది నెల్లూరు. స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి, కింది కనురెప్ప లాగి చూసి, "ఇంట్లో ఎన్ని రిపోర్టులుంటే అన్నీ పట్టుకుని పైకి రా, పాతవి కూడా" అన్నారు. వాటిని తేదీల వారీగా పేర్చి, హిమోగ్లోబిన్ అంకెలు మాత్రం ఒక కాగితం మీద వరసగా రాశారు. 13.6, 13.1, 12.7, 12.2. ఆడవాళ్లకు 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు కాబట్టి ఏ రిపోర్టులోనూ ఆ అంకె కింద గీత పడలేదు. "నీ నార్మల్ 13.6 తల్లీ. ఇది కొన్నేళ్లుగా దిగుతూనే ఉంది" అన్నారు. నా నీరసానికి ఒక ఆధారం కనబడటం అదే మొదటిసారి. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆవిడ ఏమీ అనకుండా మంచినీళ్లు తెచ్చిచ్చారు.

డాక్టరు గారు టెస్టులు రాయకముందు చాలాసేపు ప్రశ్నలే అడిగారు. నిద్ర ముంచుకొస్తుందా, లేక మెలకువగానే ఉండి ఓపిక లేదా? ఈ రెండూ వేరట. గురక ఉందా, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటుందా అని మా ఆయన్ని కూడా అడిగారు. ఉందంటే స్లీప్ టెస్ట్ రాసేవారట. రాత్రిళ్లు కాళ్లు లాగుతాయా? ఒకరోజు ఎక్కువ పని చేస్తే మర్నాడు అసలు లేవలేకుండా పడిపోతావా? జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా? మనసు ఎలా ఉంటోంది? నెలసరి ఎన్నాళ్లు, ప్యాడ్ ఎంతసేపటికి మార్చాల్సి వస్తుంది? అన్నం తిన్న వెంటనే టీ తాగుతావా? రోజూ వేసుకునే మాత్రలు ఏవి? ఇన్ని ప్రశ్నలు నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. నేను చెప్పినవన్నీ ఆయన రాసుకున్నారు కూడా.

తర్వాత పాత రిపోర్టులో ఆర్‌డీడబ్ల్యూ అన్న వరస మీద వేలు పెట్టి చూపించారు. ఎర్ర కణాలన్నీ ఒకే సైజులో ఉన్నాయా, చిన్నా పెద్దా కలిసి ఉన్నాయా అన్నది ఆ అంకె చెబుతుంది. నాది ఎక్కువుంది. ఐరన్ తగ్గితే కణాలు చిన్నవవుతాయి, విటమిన్ బీ12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ ఒకేసారి తగ్గితే సగటు సైజు నార్మల్‌గానే అచ్చవుతుంది. అందుకే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ టెస్టు, బీ12 టెస్టు రాశారు. ఒంట్లో వాపుగానీ ఇన్ఫెక్షన్‌గానీ ఉంటే ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుందని, తోడుగా ఆ వాపు ఉందో లేదో చెప్పే సీఆర్‌పీ టెస్టు కూడా రాశారు.

ల్యాబ్ అబ్బాయి ఇక్కడే నాకు పెద్ద మేలు చేశాడు. ఆ ముందురోజు వేరే టెస్టుకి ఇచ్చిన నా శాంపిల్ ఇంకా ఫ్రిజ్‌లో ఉందని వెతికి, ల్యాబ్ మేడమ్‌ని అడిగి, దాంట్లోనే ఇవి కలిపించాడు. మళ్లీ సూది పొడిపించుకునే పని, ఇంకోరోజు సెలవు పెట్టే పని తప్పింది. తనకు ఇది చిన్న విషయంలా అనిపించి ఉండొచ్చు, నాకు కాదు.

ఫెరిటిన్ 8 వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దవాళ్లలో 15 కంటే తగ్గితే ఐరన్ నిల్వలు అడుగంటినట్టే. బీ12 కూడా తక్కువే. గాదె ఖాళీ అయినా వంటింటి డబ్బాలో బియ్యం కొన్నాళ్లు కనబడుతూనే ఉంటాయి, హిమోగ్లోబిన్ ఆ డబ్బా లాంటిదని డాక్టరు గారు చెప్పారు. మదనపల్లిలో మా అమ్మ "రాగిసంగటి తినే పిల్లకి ఐరన్ తగ్గడమేంటి" అని ఒప్పుకోలేదు. మొక్కల నుంచి వచ్చే ఐరన్ మాంసంలోని ఐరన్‌లా సులువుగా ఒంటికి పట్టదని, పైన టీ పడితే ఇంకా తక్కువ పడుతుందని ఆయనే ఫోన్‌లో అమ్మకు ఓపిగ్గా చెప్పారు.

అంతటితో వదిలెయ్యలేదు. ఐరన్ ఎటు పోతోందో తేలాలని గైనకాలజిస్టు దగ్గరికి పంపారు. స్కానింగ్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే గడ్డ కనబడింది. నెలసరి ఎక్కువగా అవడానికి అదే కారణం. గ్యాస్ కోసం ఏళ్ల తరబడి వేసుకుంటున్న పాంటాప్రజోల్ కూడా బీ12, ఐరన్ రెండింటినీ సరిగా పట్టనివ్వదట. దాన్ని ఆయనే మెల్లగా తగ్గించి ఆపించారు. ఐరన్ మాత్ర రోజు విడిచి రోజు, నిమ్మరసంతో వేసుకోమన్నారు. బీ12 ఇంజెక్షన్లు అక్కే ఇంటికొచ్చి వేశారు, పైసా తీసుకోలేదు.

ఇది చదివి ఎవరూ టెస్టు లేకుండా ఐరన్ మాత్రలు కొనుక్కోవద్దని నా మనవి. తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తలోపం) ఉన్నవాళ్లకు కూడా కణాలు చిన్నగా ఉంటాయి, వాళ్లలో ఐరన్ ఎక్కువే ఉండొచ్చు. చాలా ఐరన్ మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ కూడా కలిసి ఉంటుంది. బీ12 లోపం ఉన్నవాళ్లలో అది రక్తం రిపోర్టును చక్కబెట్టేస్తుంది, లోపల నరాలు దెబ్బతినడం మాత్రం ఆగదు. పాదాల్లో తిమ్మిర్లు ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అందరి నీరసానికీ కారణం ఇదే అని కూడా నేను అనను. అదే డాక్టరు గారి దగ్గరికి వెళ్లిన మా ఆఫీసు స్నేహితురాలికి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, అని తేలింది.

ఇప్పుడు నా ఫెరిటిన్ 34. పూర్తిగా కోలుకున్నానని చెప్పను, కానీ మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను, సాయంత్రాలు మా వాడితో కూర్చుని చదివిస్తున్నాను. డాక్టరు గారూ, మీరు నా మాట విన్న తీరుకి నమస్కారం. తమ్ముడూ, ఆ శాంపిల్ వెతికి పెట్టినందుకు చాలా థాంక్స్. అక్కా, మీకు ఏం చెప్పాలో తెలియడం లేదు. వచ్చే నెల రిపోర్టు రాగానే పైకి తీసుకొస్తాను, మీ కాగితం మీద ఆ అంకె కూడా మీరే రాయాలి.