పిక్క తీసి పండు పారేస్తున్నాం

సంపాదకుడు గారికి,

మార్చి నుంచి మే దాకా ఉద్దానం తోటల్లో జీడిపండు రాలుతూనే ఉంటుంది. రైతు పిక్కను మెలితిప్పి తీసుకుని పండును చెట్టు కిందే వదిలేస్తాడు. పశువులు తిన్నంత తింటాయి, మిగిలింది మర్నాటికల్లా పులిసి ఈగలు ముసురుతాయి. పిక్క కన్నా పండు ఏడెనిమిది రెట్లు బరువు. అంటే పలాస, కాశీబుగ్గ వ్యాపారులు కొనే ఒక్కో 80 కిలోల బస్తా వెనక ఆరు క్వింటాళ్ల పండు మట్టిలో కలుస్తోంది. ఇదే పండుతో గోవా మద్యం దింపుతున్న తీరును ఎక్సైజ్, ఉద్యాన శాఖల అధికారులు కలిసి వెళ్లి చూసి రావాలి.

అక్కడ పండును చెట్టు మీద కొయ్యరు, రాలిందే ఏరుతారు. సరిగా పండని దాంట్లో వగరు ఎక్కువ, తీపి తక్కువ. పిక్క తీసేశాక తొక్కి రసం పిండి, మూడు రోజులు పులియబెడతారు. విడిగా ఈస్టు వెయ్యరు, పండు మీద ఉన్నదే చాలు. ఒకసారి బట్టీ పెట్టి వండితే దాదాపు 15 శాతం ఆల్కహాలుతో ఉర్రాక్ అనే మద్యం దిగుతుంది. ఎండాకాలం గోవా బార్లలో దీన్ని లిమ్కా, నిమ్మరసం, ఉప్పు, నిలువునా చీల్చిన పచ్చిమిర్చితో ఇస్తారు. ఉర్రాక్‌కు మళ్లీ రసం కలిపి రెండోసారి వండితే 42 శాతం పైబడిన ఫెనీ. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లే జీఐ ట్యాగ్) వచ్చింది. 2016లో గోవా ప్రభుత్వం దాన్ని తమ వారసత్వ పానీయంగా ప్రకటించింది. మన లెక్కకు వస్తే, ఆరు క్వింటాళ్ల పండుకు సుమారు 360 లీటర్ల రసం వస్తుంది. అందులో చక్కెర పది శాతం వేసుకున్నా, నష్టాలన్నీ పోగా 42 శాతం సరుకు ముప్ఫై లీటర్లకు తగ్గదు.

మన దగ్గర ఇదే పని చేస్తే నాటుసారా కేసు. దూబగుంట మహిళలు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ నిషేధాన్ని తప్పుపట్టే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. అయితే నల్లబెల్లం, నవసారం, తుమ్మచెక్క కలిపి పాత డ్రమ్ములో వండే సరుకునూ, కొలతతో పరీక్షతో దింపే పండు మద్యాన్నీ ఒకే గాటన కట్టడం సరికాదు.

కొలత ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పుకోవాలి. మొదటిది పిక్క. ఒలిచే దగ్గర ఏమరుపాటుగా ఉండి పిక్కలు పండుతోపాటు నలిగితే జీడి నూనె రసంలో కలుస్తుంది. చర్మానికి అంటితేనే బొబ్బలెక్కించే నూనె అది. రెండోది ఆలస్యం. పండును ఏరిన రోజే పిండాలి. పులిసే రసాన్ని, అంటే ఊటను, నాలుగైదు రోజులు వదిలేస్తే పులుపు తిరిగి వెనిగర్ వాసన పడుతుంది, దాన్ని ఎన్నిసార్లు వండినా ఆ వాసన పోదు. మూడోది పాత్ర. రాగి పాత్ర మంచిదే, గంధకపు కంపును పట్టేస్తుంది. కానీ వాడిన ప్రతిసారీ తోమకపోతే చిలుము సరుకులోకి దిగుతుంది. అతుకులకు సీసం కలిసిన టంకం వాడితే అది నేరుగా విషమే.

ఇక చూపూ ప్రాణమూ తీసే మిథనాల్. పండులోని పెక్టిన్ వల్ల అది కొద్దిగా పుడుతుంది. తొలిధార పారబోస్తే పీడ పోతుందని చాలామంది నమ్మకం. వంద లీటర్ల ఊటకు మొదటి అర లీటరు తీసి పారేయాల్సిందే, ఘాటు వాసనలన్నీ అందులోనే ఉంటాయి. మిథనాల్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా అన్ని ధారల్లోనూ కొంత కొంత వస్తూనే ఉంటుంది. కాబట్టి ప్రతి దఫా సరుకూ ల్యాబు పరీక్ష దాటాకే సీసాలోకి వెళ్లాలి. ఆ ల్యాబు పలాసలోనే ఉండాలి. నమూనాలను విశాఖకు పంపి వారాల తరబడి ఎదురుచూసే ఏర్పాటైతే చిన్న రైతు మొదటి సీజనులోనే చేతులెత్తేస్తాడు.

కిడ్నీ జబ్బులతో అల్లాడుతున్న ఉద్దానంలో మద్యం మాటా అని కోప్పడేవారి మాటలో న్యాయం ఉంది. అందుకే ఇక్కడ తయారీకి మాత్రమే అనుమతి అడుగుతున్నాం, అమ్మకానికి కాదు. బెల్టు షాపులకు ఒక్క సీసా చేరినా లైసెన్సు రద్దు చేయాలి. విశాఖ హోటళ్లకూ బయటి రాష్ట్రాలకూ సీలు వేసిన సీసాలే వెళ్లాలి.

మద్యమే వద్దనుకుంటే బ్రెజిల్ దారి ఉంది. జీడి చెట్టు పుట్టిల్లు అదే. అక్కడి పియావీ రాష్ట్రంలో రసానికి జెలటిన్ కలుపుతారు. వగరు గడ్డకట్టి అడుక్కి దిగుతుంది. గుడ్డలో పదే పదే వడకట్టి, సీసాల్లో నింపి మూతవేసి, నీళ్లలో ఉడికిస్తారు. చక్కెర కాస్త కాగి రసం తేనె రంగుకు తిరుగుతుంది. కాజుయినా అనే ఈ పానీయపు తయారీని 2014లో ఆ దేశం సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. దీనికి ఎక్సైజ్ అనుమతి అక్కర్లేదు, ఆహార భద్రతా లైసెన్సు ఉంటే చాలు. స్వయం సహాయక సంఘాలు వచ్చే మార్చికే మొదలుపెట్టవచ్చు. బట్టీ మాట ప్రభుత్వం తేల్చేలోగా కనీసం ఈ పనైనా సాగాలి.

ఇంకొక్క మాట. భౌగోళిక గుర్తింపు గోవాది కాబట్టి మన సరుకును ఫెనీ అని అమ్మడానికి వీల్లేదు. ఎవరో తొందరపడి ఆ పేరుతో లేబుల్ కొట్టించి కేసుల్లో ఇరుక్కోకముందే, పలాస పేరుతోనో ఉద్దానం పేరుతోనో రైతు సంఘాల తరఫున అలాంటి గుర్తింపుకే దరఖాస్తు వెయ్యించే బాధ్యత ఉద్యాన శాఖ తీసుకోవాలి.

— ఒక జీడి రైతు,
వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా