పాత మందుల ట్రయల్స్‌కు డబ్బెవరు పెట్టాలి?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మహబూబ్‌నగర్‌లో ఫార్మసీ పాఠాలు చెప్పుకునేవాణ్ని. వేరే జబ్బులకు వాడే పాత మందులు మతిమరుపు, వణుకు జబ్బులకు పనికొస్తాయేమో చూసే ట్రయల్స్‌కు (రోగుల మీద జరిపే పరీక్షలకు) ప్రభుత్వం డబ్బు పెట్టాలని అడగడానికే ఈ ఉత్తరం.

ఒంట్లో చాలా ప్రొటీన్లు తగిన ఆకారంలో మడత పడాలి. మడత తప్పినవి కొన్ని ఒకదానికొకటి అతుక్కుని పేరుకుపోతాయి. మతిమరుపు జబ్బు ఆల్జీమర్స్‌లో అమైలాయిడ్ బీటా, టౌ, వణుకు జబ్బు పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్లు అలాంటివే. మా పాలమూరు పల్లెల్లో ఈ జబ్బులను 'వయసు మీద పడ్డది' అని వదిలేస్తారు. కొడుకులు ముంబై, పుణె వలసపోయిన ఇంట్లో, దారి మరిచిపోయే ముసలమ్మను చూసేదెవరు?

ఈ రెండు జబ్బులూ ముదరకుండా పూర్తిగా ఆపే మందు ఇంకా రాలేదు. అందుకే నెట్‌వర్క్ విశ్లేషణ మీద ఆశ. ఏ ప్రొటీన్ దేనితో కలిసి పనిచేస్తుందో కంప్యూటర్‌లో పటం గీస్తారు. జబ్బు ప్రొటీన్లకు దగ్గర్లో ఏ పాత మందు పనిచేస్తోందో అందులో వెతుకుతారు. కీళ్లవాతం మందు బారిసిటినిబ్ కోవిడ్‌కు పనికిరావచ్చని 2020 ఫిబ్రవరిలో ఇలాంటి సమాచార జాలంలోంచే బయటపడింది. ట్రయల్స్ అయ్యాక, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది.

అలాంటి పాత మందుల జాబితా తీయడం తేలికే. ప్రొటీన్ల సంబంధాలు చూపే స్ట్రింగ్ లాంటి డేటాబేస్‌లు ఉచితం, ఎం.ఫార్మసీ పిల్లలు మామూలు ల్యాప్‌టాప్‌తో చేసేస్తారు. (ఎక్కువ పరిశోధన జరిగిన ప్రొటీన్లే పటంలో పైకి తేలుతుంటాయి. కాబట్టి జాబితా చూసి 'మందు దొరికింది' అని పేపర్లో వేయించుకునేవాళ్లను నమ్మకండి.) బండి ఆగేది ఆ తర్వాతే. పేటెంట్ తీరిపోయి ఎవరైనా తయారుచేయగల మాత్రకు ట్రయల్ చేయించి ఏ కంపెనీ బాగుపడుతుంది?

ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ గుండెలో, నరాల్లో పేరుకునే జబ్బు ఒకటుంది. దాని మందు టఫామిడిస్ ధర 2019లో అమెరికాలో ఏడాదికి 2,25,000 డాలర్లు. డైఫ్లూనిసాల్ అనే పాత నొప్పి మాత్ర కూడా ఆ ప్రొటీన్ భాగాలు విడిపోయి పేరుకోకుండా పట్టి ఉంచుతుంది. ఇది నెట్‌వర్క్‌లో దొరికింది కాదు, ల్యాబ్‌లో తేలింది. అది నరాల జబ్బును నెమ్మదింపజేస్తుందని 130 మంది మీద రెండేళ్లు జరిగి, 2013లో వెలువడిన ట్రయల్ చూపింది. అమెరికా ప్రభుత్వ నిధులు రాకపోతే ఆ ట్రయల్ జరిగేదే కాదని నా అభిప్రాయం.

మనకు పోలేపల్లి సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలు, హైదరాబాద్‌లో కణాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీసీఎంబీ, మహబూబ్‌నగర్, నల్లగొండల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. జాబితాల్లోని పాత మందులను ముందు కణాల మీద, నిలబడితే రోగుల మీద పరీక్షించడానికి ఒక గ్రాంటు ఇవ్వండి. పనిచేయలేదని తేలినా ఫలితం ప్రచురించాలని షరతు పెట్టండి. ట్రయల్‌కు రోగులు కావాలంటే ముందు వాళ్లెవరో తెలియాలి. వృద్ధుల్లో వణుకు, మతిమరుపు కేసులను జిల్లా ఆసుపత్రుల్లో విడిగా రిజిస్టర్ చేయించండి. ఇది గ్రాంటు వచ్చేదాకా ఆగాల్సిన పని కాదు.

ఇట్లు,
ఒక ఫార్మసీ అధ్యాపకుడు, మహబూబ్‌నగర్