హోటల్ దీపాలు బుడితిలో చేయించండి

సంపాదకులకు నమస్కారం.

భోగాపురం విమానాశ్రయం రాకతో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో హోటళ్లు, రెస్టారెంట్లు పెట్టాలనుకునేవాళ్లు పెరుగుతున్నారు. నేను ఆర్కిటెక్టుని. భవనాల ప్లాన్లతో పాటు వాటి లోపల పెట్టే దీపాలు, కుర్చీలు, బల్లలు కూడా గీస్తాను. ఏ చోటికి తగ్గ వస్తువు ఆ చోటికే. ఆ పని మీద తిరుగుతుంటే మనసును కలచివేసిన విషయం ఒకటి మీ పాఠకులతో చెప్పుకోవాలి.

రెండేళ్ల కిందట సముద్రానికి దగ్గరలోని ఒక హోటల్ వాళ్లు రిసెప్షన్‌లో వేలాడదీయడానికి పెద్ద దీపం కావాలన్నారు. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలం బుడితి వెళ్లి, కంచరి పనివాళ్ల పక్కన కూర్చుని నమూనా చేయించాను. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి కొట్టి, బోర్లించిన గంగాళంలా వంచారు. లోపల ఎల్‌ఈడీ బల్బు పెట్టి వెలిగిస్తే ప్రతి సుత్తి దెబ్బా ఒక చిట్టి అద్దమైంది. మిషన్ మీద నొక్కిన నున్నటి రేకుకు ఆ వెలుగు రాదు. చేసిన పెద్దాయన దాని కింద చాలాసేపు నిలబడిపోయాడు. ఆయన అన్నేళ్లుగా చేసినవన్నీ చెంబులు, బిందెలే.

చివరికి ఆ హోటల్ వాళ్లు కేటలాగ్‌లో చూసి, బంగారు రంగు పూసిన ఇనప దీపం తెప్పించుకున్నారు. ఏడాది తిరక్కుండానే ఉప్పుగాలికి అతుకుల దగ్గర తుప్పు పట్టింది. ఇత్తడి కూడా ఆ గాలికి నల్లబడుతుంది, కాదనను. కానీ చింతపండు పెట్టి తోమితే మళ్లీ తళతళలాడుతుంది. అది మన ఇళ్లలో ఎవరికి తెలియదు?

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల పనితనం చూసినప్పుడూ నాకు ఇదే ఆలోచన. ఒకే పనస దుంగను లోపలంతా తొలిచి ఏకాండి వీణ చేసే చేతికి ఒంపు తిరిగిన కుర్చీ వీపు ఒక లెక్కా? పనస చెక్క మొదట పసుప్పచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు రంగు తేలుతుంది. రెస్టారెంట్ బల్లకు ఇంతకన్నా అందమైన చెక్క నాకు తెలియదు. బొబ్బిలి వీణకు, బుడితి ఇత్తడికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకేనని చాటే భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా హోటళ్లకు ఇవి అద్దాల బీరువాలో పెట్టుకునే జ్ఞాపికలుగానే కనిపిస్తున్నాయి.

కోపెన్‌హాగన్‌లో 1960లో తెరిచిన ఎస్‌ఏఎస్ రాయల్ హోటల్‌కు ఆర్కిటెక్ట్ ఆర్నె జాకబ్‌సన్ భవనంతో పాటు కుర్చీలు, దీపాలు కూడా తానే రూపొందించాడు. ఆ హోటల్ కోసం పుట్టిన ఎగ్ చెయిర్ ఇప్పటికీ తయారవుతోంది. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ జపాన్‌లోని గిఫు. వెదురు, కాగితంతో లాంతర్లు చేసే ఆ ఊరికి 1951లో శిల్పి ఇసాము నొగుచి వెళ్లాడు. పని తగ్గిపోతున్న లాంతర్ల వృత్తిని నిలబెట్టమని ఊరి మేయర్ అడిగితే, అదే వెదురు, అదే కాగితంతో అకారి దీపాలు రూపొందించాడు. గిఫులో నేటికీ వాటిని చేస్తున్నారు. అడిగినవాడు మేయర్ అన్న సంగతి మన అధికారులు గమనించాలి.

పర్యాటక శాఖ తన అతిథి గృహాలతోనే ఇది మొదలుపెట్టొచ్చు. నేను చూసిన ఒక టెండరులో లైట్లు, ఫర్నిచర్, ఏసీలు అన్నీ ఒకే మూట కట్టి, లక్షల టర్నోవర్ చూపించాలన్నారు. బుడితి కొలిమి దగ్గర కూర్చున్న మనిషి ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తాడు? దీపాలకూ, రిసెప్షన్ సామాన్లకూ విడిగా టెండర్లు పిలవాలి. చేతివృత్తుల సంఘాలు నేరుగా పాల్గొనేలా చూడాలి. రాగి, తగరం, జింకు రొక్కం పెట్టి కొనాలి కాబట్టి, ఆర్డరుతో పాటే సగం డబ్బు ఇవ్వాలి. హోటల్ యజమానులకు ఉన్న భయమల్లా బరువు గురించి, వైరింగ్ గురించి. శ్లాబ్ వేసేటప్పుడే కొక్కేలు పెట్టి, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ చేయిస్తే ఆ టెన్షన్ ఉండదు. శ్లాబ్ వేసేశాక నా దగ్గరకు వస్తే మాత్రం కష్టం.

ఆ నమూనా దీపం ఇప్పుడు మా ఆఫీసులో వెలుగుతోంది. హోటల్ కట్టే ఆలోచన ఉన్నవాళ్లు ఎవరైనా వచ్చి చూడొచ్చు. నచ్చితే బుడితి నేనే తీసుకెళ్తాను.

— ఒక ఆర్కిటెక్ట్, విజయనగరం