కాటుక గోళ్లు

చిట్టితల్లీ,

నీ కుందేలు కాటుక నడుస్తుంటే నేల మీద టకటకమని చప్పుడవుతోందని నిన్న ఫోనులో అన్నావు. గోళ్లు పెరిగిపోయాయన్నమాట. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చూస్తుండాలి. కుందేలు అరికాలికి కుక్కకున్నట్టు మెత్తలుండవు, బొచ్చే ఆధారం. గోళ్లు పెరిగితే పాదం సరిగా ఆనక బరువు మడమ మీద పడి పుండ్లు పడతాయి.

నువ్వు పసిపిల్లగా ఉన్నప్పుడు మన తెల్లకుందేలును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి కత్తిరించేవాణ్ణి. కదలకుండా పడుకుంటే ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. అది బుద్ధి కాదమ్మా, భయంతో బిగుసుకుపోవడం. ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. నువ్వు మాత్రం ఆ పని చేయకు. నేల మీదే కూర్చో, తువ్వాలు పరిచి దాన్ని నీ పొట్టకు ఆనించుకో. ఎత్తాల్సి వస్తే వెనక కాళ్ల కింద చెయ్యి ఉండి తీరాలి. ఆసరా లేకపోతే గాలిలో తన్నుకుంటుంది, ఆ విసురుకే వెన్ను విరగవచ్చు. ఈ ఒక్క విషయంలో నేను చాదస్తుణ్ణే అనుకో.

తెల్ల గోరైతే లోపలి రక్తనాళం గులాబీ రంగులో కనిపిస్తుంది. కాటుకవి నల్ల గోళ్లు కదా, వెనక నుంచి టార్చి వెయ్యి, నీడలా తెలుస్తుంది. దానికి రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగు. అప్పటికీ అనుమానంగా ఉంటే కొస మాత్రం తీసెయ్యి. మిగిలింది వచ్చే వారం చూడొచ్చు. పిల్లులకు వాడే చిన్న కత్తెర చాలు, పదును ముఖ్యం. మొద్దుదైతే గోరు తెగకుండా నలిగి చీలుతుంది.

ఒకసారి నా చెయ్యి లోతుకు పోయింది. ఒక్క చుక్క రక్తానికే నా చేతులు వణికాయి. కుందేలేమో విదిలించుకుని మంచం కిందికి దూరింది. మీ అమ్మ వచ్చి, మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో కొద్ది నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఆగింది. పిండి గిన్నె ముందే పక్కన పెట్టుకో. ఎంత నొక్కినా ఆగకపోతే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

అన్నీ ఒక్క పూటలో కావాలని పట్టుబట్టకు. అది గింజుకుంటే వదిలెయ్యి, ఇవాళ ఒక పాదం, రేపు ఇంకొకటి. చివర్లో లెక్క చూసుకో, మొత్తం 18 గోళ్లు. 16 దగ్గరే ఆగిందంటే, ముందు పాదాల లోపలివైపు కాస్త పైన బొచ్చులో దాక్కున్న ఆ రెంటినీ మరిచిపోయావన్నమాట. నేనూ ప్రతిసారీ వాటినే మరిచేవాణ్ణి.

నాన్న