మన మత్స్యకార సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారాలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన పనితోనే మొదలుపెడతాను. కార్తీకంలో ఎగువన ఆనకట్ట గేట్లు ఒక్కసారిగా దించి నీళ్లు ఆపేశారు. తెల్లారేసరికి పెన్నలో నీళ్లు నడిపాయకు తగ్గిపోయాయి. కొత్తనీటికి ఎదురెక్కిన చేపంతా ఇసుక గుంటల్లో చిక్కింది. ఎండెక్కేకొద్దీ గాలి చాలక బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్లు తెరిచాయి. కొర్రమీనైతే పైకొచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది, వీటికి ఆ దారి లేదు. వచ్చిన కొద్దిమందే గుంటలకు వలలు చుట్టి, చేపల్ని నీళ్ల డ్రమ్ముల్లోకి ఎత్తి, ట్రాక్టర్ మీద పెద్ద మడుగుకు చేర్చారు. ఒక్క చేప కూడా సంతకు పోలేదు. ట్రాక్టర్ ఇచ్చిన రైతుకు, డ్రమ్ములిచ్చిన రొయ్యల చెరువు ఆసామికి, అన్నం వండి పంపిన పొదుపు సంఘం అక్కచెల్లెళ్లకు, బడి మానేసి వచ్చి మరీ సాయపడ్డ పిల్లలకు సంఘం రుణపడి ఉంది.

గేట్లు దించొద్దని మనం ఏనాడూ అనలేదు. డెల్టాకు నీళ్లు కావాలి, మన ఇళ్లలోనూ కౌలు సేద్యం ఉంది. అంచెలంచెలుగా దించమంటున్నాం. నీళ్లు మెల్లగా తగ్గిస్తే చేప దానంతటదే లోతుకు జారుకుంటుంది. ఆ మాటే అర్జీలో రాసిచ్చాం. ముందురోజు ఒక్క ఫోన్ చేయమని కూడా అడిగాం. ఇంతవరకు జవాబు లేదు.

సోమశిల ఆనకట్ట వచ్చాక ఏటికి వాన కాదు, గేటే కాలం చెబుతోంది. 2022లో సంగం, నెల్లూరు బ్యారేజీలు మొదలయ్యాయి. సేద్యానికి మేలే. కానీ నీలకంఠ రొయ్య పిల్ల ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పు కలిసిన నీళ్లలోనే బతికి బట్టకడుతుంది, కాస్త ఎదిగాక మళ్లీ ఏరెక్కాలి. వేసవిలో మొగదాకా పారుదల లేకపోతే దానికి రాకపోకలే ఉండవు. సముద్రం నుంచి వచ్చే పండుగప్ప పిల్లకూ అదే గతి. నిలవనీటిలో జిలేబీ చేపలు మాత్రం దండిగా పెరుగుతున్నాయి. చేపపిల్లల్ని వదిలాం కదా అంటారు అధికారులు. చెరువుకు అది చాలు, ఏటికి పారే నీళ్లు కావాలి.

సభ్యుల సంగతీ చెప్పాలి. వాట్సాప్‌లో 'వస్తాం' అన్నవాళ్లలో సగం మంది చేపల్ని ఎత్తిన రోజు రేవులో కనబడలేదు. పిల్లచేపను కూడా వదలని దోమతెర వలలు వద్దని తీర్మానం చేశాక కూడా వేస్తున్నవాళ్లు మనలోనే ఉన్నారు. ఇది బాధగా ఉంది.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా చూడొచ్చు.

వచ్చే సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాం: గేట్లు దించేముందు కబురు, వేసవిలో మొగదాకా కొంత నీరు. అర్జీతో కలెక్టరేట్‌కు వెళ్లేవాళ్లు పేర్లు ఇప్పుడే ఇవ్వండి, ఈసారి వచ్చేవాళ్లే ఇవ్వండి.