సీమంతానికి మీరు పంపిన వాడిపోయిన పూలు: నా 12,500 వెనక్కి ఇవ్వండి

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే. మొన్న ఆదివారం హైదరాబాద్‌లో మా చెల్లి సీమంతానికి మీ దగ్గర పూలజడ యాక్టివిటీ ప్యాకేజీ బుక్ చేశాను. 25 మందికి తలకు 500 చొప్పున 12,500 రూపాయలు ముందే కట్టించుకున్నారు. వచ్చినవాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చోకుండా తలా కాసిన్ని పూలు కడుతూ కబుర్లు చెప్పుకుంటారని, ఆ పూలతోనే చెల్లికి జడ వేద్దామని మా ఆశ. మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం, అరటి నార, నేర్పే మనిషి, అన్నీ మీవేనని మీ యాప్‌లోనే ఉంది.

సాయంత్రం 4 గంటలకు డబ్బా తెరిస్తే మల్లెలన్నీ విచ్చుకుని, అంచులు గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి. పొద్దున కోసినవేనని ఫోన్లో మీవాళ్లది ఒకటే వాదన. పొద్దున కోసిన మల్లె సాయంత్రం దాకా మొగ్గగానే ఉంటుందండీ, విచ్చేది పొద్దుగూకే వేళకి. నాలుగింటికే వాడిపోయిందంటే అది నిన్నటి కోత, గుడిమల్కాపూర్ మార్కెట్లో ఎవర్నడిగినా చెబుతారు. అలాంటి పూలతో మాల రాదు. రెండు ఇటు, రెండు అటు పెట్టి ముడి బిగించబోతే పూలు ఊడి ఒళ్లో పడ్డాయి, నారకి ఉత్త తొడిమలు మిగిలాయి.

కనకాంబరాలు పాలిథిన్ కవర్లో మూతి బిగించి పంపారు, మే నెల ఎండకి లోపలే ఉడికి ముద్దయ్యాయి. నార చూస్తే ఎండుది, పట్టుకుంటే పుటుక్కున తెగుతోంది. దాన్ని ముందు తడపాలని మీ మనిషికి తెలియదు, మా పెద్దత్త చూసి గిన్నెలో నానేసింది. ఆ అమ్మాయిని నేనేమీ అనను, తనకి మీరు నేర్పింది గ్లూ గన్‌తో గులాబీలు అంటించడమేనట, పాపం తనే చెప్పింది. పూలజడకి గ్లూ గన్ ఏంటండీ!

వీటికి తోడు, అడగకుండానే నీలం రంగు కొట్టిన చామంతులు వేశారు. చేతి తడికే రంగు దిగి మా పిన్ని మీగడ రంగు పట్టుచీర కుచ్చిళ్ల మీద అరచేతంత మరక పడింది. డ్రైక్లీనింగ్ అతను పోతుందని గ్యారంటీ ఇవ్వనన్నాడు. చివరికి మా బావ బండేసుకుని వెళ్లి వీధి చివర పూలావిడ దగ్గర కట్టిన మాలలే కొనుక్కొచ్చాడు, గాజులు తొడిగే వేళకి ఎలాగో జడ అయిందనిపించాం.

ఇంత జరిగాక ఫోన్ చేస్తే 'పూలు పాడయ్యే వస్తువులు మేడమ్, రిఫండ్ ఉండదు' అంటారా? పాడవుతాయని తెలిసే కదా, టైముకి బాగున్నవి తెచ్చి దగ్గరుండి నేర్పిస్తామని అంత తీసుకున్నది! ఉత్త పూలే కావాలంటే మార్కెట్‌కి నేనే వెళ్లేదాన్ని.

నాకు 12,500 మొత్తం, చీర శుభ్రం చేయించిన ఖర్చు కావాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు కూడా లేదు.

బిల్లు, డబ్బా తెరిచినప్పటి వీడియో, చీర ఫోటో జత చేశాను. డబ్బు నేను కట్టిన ఖాతాకే వేయండి, మీ కూపన్లు నాకొద్దు.