పిల్లలిద్దరి ఎత్తుపళ్ళ గురించి

చి.సౌ. స్వాతికి,

అమ్మ ఆశీస్సులు. పిల్లల ఎక్స్‌రేలు, ఫొటోలు అందాయి. ఇద్దరికీ పై పళ్ళు 8 మిల్లీమీటర్లు ముందుకున్నాయి కదా, సెలవుల్లో ఒకేసారి క్లిప్పులు వేయించేస్తానన్నావు. అలా చెయ్యకు. ఇద్దరికీ కింది దవడే వెనక్కుంది, నిజమే. కానీ బాబు దవడ ఇంకా ఎదుగుతోంది, పాపది దాదాపు ఆగిపోయింది.

బాబుని పక్కకి తిప్పి, ముందుపళ్ళు అంచుకి అంచు తగిలేదాకా కింది దవడ ముందుకు పెట్టమను. పెదాలు మూశాక చూడు. ముఖం బాగుపడితే ట్విన్ బ్లాక్, అంటే కింది దవడని ముందుకు నిలిపే ప్లేట్ల జత, నప్పుతుంది. మూతి ఇంకా ఎత్తుగా అనిపిస్తే లోపం పై దవడదన్నమాట. పళ్ళ ఎక్స్‌రేలోనే మెడపూసలూ పడ్డాయి, ఎదుగుదల ఎంతవరకొచ్చిందో వాటి ఆకారం చెబుతుంది. రెండో, మూడో పూసల అడుగు అంచు గుంటపడింది, నాలుగోది ఇంకా చదునుగానే ఉంది. ఎదుగుదల ఊపందుకునే సమయం ఇదే, పోతే మళ్ళీ రాదు.

ట్విన్ బ్లాక్‌ని స్కాట్లండ్‌లో విలియం క్లార్క్ 1977లో తయారుచేశాడు. పై ప్లేటు, కింది ప్లేటు దిమ్మెలు 70 డిగ్రీల వాలులో ఆనుకుని దవడని ముందుకు నిలుపుతాయి. దిమ్మె 5, 6 మిల్లీమీటర్ల మందం ఉండాలి. నోట్లో లావుగా ఉందని పలచన చేయిస్తే నిద్రలో దవడ వెనక్కి జారిపోతుంది. అన్నం తినేటప్పుడూ తియ్యకూడదు, అసలు పని జరిగేది అప్పుడే. ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. చివర్లో పై, కింది పక్కపళ్ళ మధ్య సందు మిగిలితే పై దిమ్మెను కొద్దికొద్దిగా అరగదీసి కింది దవడపళ్ళని పైకి రానిస్తారు. పొడుగు ముఖం పిల్లలకైతే అది చెయ్యకూడదు, ముందు పళ్ళు కలవకుండా పోతాయి. వీడిది గుండ్రటి ముఖమే. వరస సర్దడానికి క్లిప్పులు ఆ తర్వాత.

పాప పెద్దమనిషై మూడేళ్ళు దాటింది, నాలుగో పూస కూడా గుంటపడింది. ఇప్పుడు ట్విన్ బ్లాక్ వేస్తే దవడ పెద్దగా కదలదు, కింది ముందుపళ్ళు మాత్రం బయటికి వాలతాయి. పైన కోరపళ్ళ వెనక పన్ను చెరోటి తీస్తే ఒక్కో పక్క 7 మిల్లీమీటర్ల చోటొస్తుంది. 8ని 2కి తేవాలంటే అందులో 6 ముందుపళ్ళకే కావాలి. వెనక దవడపళ్ళు ఒక్క మిల్లీమీటరు మించి ముందుకు జరిగాయంటే లెక్క తప్పినట్టే, అందుకే ఎముకలో చిన్న స్క్రూలు వేయమని అడుగు. దాని పై పెదవి నిండుగా ఉంది కాబట్టి పళ్ళు తీయించమంటున్నాను. చదును పెదవైతే ఒప్పుకునేదాన్ని కాదు, ముక్కు ముందుకొచ్చినట్టవుతుంది. గడ్డం కూడా ముందుకు రావాలని దానికుంటే మాత్రం పళ్ళు తీయించకుండా ఆగండి. ఎదుగుదల పూర్తయ్యాక దవడ ఆపరేషనే దారి. పై పళ్ళు వెనక్కి లాగేస్తే అప్పుడు దవడని జరపడానికి చోటుండదు.

బాబుది సెలవుల్లోనే మొదలుపెట్టు. పాపది పదో తరగతి పరీక్షలయ్యాకైనా నష్టం లేదు. మొదటి వారం వాడికి ఇడ్లీ, మజ్జిగన్నం పెట్టు, జంతికల డబ్బా అందకుండా పైన పెట్టెయ్యి.

అమ్మ